చివరిసారి కలిసి కాపురమున్న చోటు

జనవరి 9

మామయ్యగారికి,

నమస్కారం. కింది పళ్ళసెట్టు ఎడమవైపు చిగురుకి గుచ్చుకుంటోందని రాశారు. అలాగని పెట్టుకోవడం మానేయకండి. మానేస్తే చిగురు కుంచించుకుపోయి సెట్టు మరీ వదులైపోతుంది. గుడ్డలో చుట్టి పోస్టులో పంపండి, గుచ్చుకునే చోట అరగదీసి వారంలో పంపిస్తాను. మా పళ్ళ ల్యాబు ఓనరుగారికి మీ సంగతి చెబితే, "మీ మామగారు నోరారా నవ్వితే చాలు, మనకి వేరే ప్రచారం అక్కర్లేదు" అన్నారు.

ఇక అసలు సంగతి. అడగకూడని మనిషిని అడగకూడని మాట అడుగుతున్నాను. నేను ఆ ఇంట్లోంచి వచ్చేసి ఎనిమిది నెలలైంది. ఇక తేల్చుకున్నాను. విడాకుల కాగితాలు ఎక్కడ దాఖలు చేయాలి మామయ్యా?

ఇక్కడ తలా ఒక మాట చెబుతున్నారు. ఓనరుగారు పెళ్ళయిన ఊళ్ళోనే వేయాలంటారు. కింది వాటాలో ఉండే టైలరమ్మ మొగుడెక్కడుంటే అక్కడే వేయాలంటుంది. ఆవిడ మొగుడెక్కడున్నాడో పదకొండేళ్ళుగా ఆవిడకే తెలియదు కాబట్టి ఆ మాట నమ్మబుద్ధి కావడం లేదు. మీరు ముప్పైఒక్కేళ్ళు ఫ్యామిలీ కోర్టులో కాగితాలు తీసుకునే కౌంటర్లో కూర్చున్నారు. మీకంటే తెలిసినవాళ్ళు నాకు ఇంకెవరున్నారు? ఫోన్ చేద్దామనుకున్నాను గానీ, మీ చెవికి "విడాకులు" అన్న మాట ఎక్కాలంటే నేను వీధి వీధంతా వినేలా అరవాలి.

కారణం మీకు తెలిసిందే. మళ్ళీ కాగితం మీద పెట్టలేను.

మీ ఆరోగ్యం జాగ్రత్త.

మీ కోడలు


జనవరి 20

అమ్మాయికి,

నీ ఉత్తరం అందింది. పళ్ళసెట్టు విడిగా పార్సెల్ చేశాను. అది వచ్చేదాకా మెత్తటివే తింటాను, బెంగపడకు. నా మాట ఎవరికీ అర్థం కాదు కాబట్టి ఇల్లు ప్రశాంతంగా ఉంటుంది.

జవాబుకి పదకొండు రోజులు పట్టింది. ముందు కోపమొచ్చింది. తరవాత, ఈ పిల్లకి అడగడానికి నేను తప్ప ఎవరూ లేరు కదా అనిపించి కోపం పోయింది. ఆ తరవాత ఊరికే కూర్చున్నాను.

ఆ కౌంటర్ ముందు ఎంతమంది ఆడపిల్లలు నిలబడి ఏడ్చారో లెక్కలేదు. ఉద్యోగంలో చేరిన కొత్తలో ఒకావిడతో, "అమ్మా, ఏడుపు బయట బెంచీ మీద, ఇక్కడ కాగితాలు మాత్రమే" అన్నాను. పక్క సీట్లో వాళ్ళు నవ్వారు. ఆవిడ ముఖం ఇప్పటికీ మరిచిపోలేదు. ఇప్పుడు నువ్వు కౌంటర్ అవతల నిలబడ్డట్టుంది.

కారణం నాకు తెలిసిందే అన్నావు. తెలుసు. కానీ అమ్మాయీ, పిల్లలు పుట్టకపోవడం కాపురం తెంచుకునేంత కారణమా? ఎంతమందికి లేరు, సర్దుకుని బతకడం లేదా? ఆరేళ్ళు డాక్టర్ల చుట్టూ తిరిగి నువ్వు విసిగిపోయావు, నిజమే. మీ అత్తయ్య, పోయినావిడని అనకూడదు, నిన్ను మాటలతో గుచ్చిందనీ తెలుసు. కానీ అందులో వాడి తప్పేముంది? లిఫ్టులు బాగుచేసి ఒంటినిండా గ్రీజుతో ఇంటికొస్తాడు, ఒక మూల కూర్చుంటాడు. మాట్లాడడు. అంతేగా?

అయినా అడిగావు కాబట్టి చెబుతున్నాను. పెళ్ళి జరిగిన ఊళ్ళోనే వేయాలి. అంటే ఇక్కడే, మన ఊళ్ళోనే. అది రూలు. పెళ్ళి రిజిస్టర్ కాగితం, ఇద్దరి ఫోటోలు, చిరునామా రుజువు తెచ్చుకో. వచ్చే ముందు రాయి.

ఆశీస్సులతో,
మామయ్య


ఫిబ్రవరి 2

మామయ్యగారికి,

సెట్టు సరిచేసి పంపుతున్నాను. రెండు రోజులు కొత్తగా ఉంటుంది, ఓర్చుకోండి.

"అందులో వాడి తప్పేముంది" అని రాశారు. ఆ వాక్యం నాలుగుసార్లు చదివాను. చదువుతూ చేతిలో ఉన్న మైనపు అచ్చు నలిపేశాను. ఒకాయన ముందుపళ్ళు ఆరూ పోయాయి, మళ్ళీ మొదట్నించీ చెక్కాను. మీరు కూడా ఆ మాటే అంటారని అనుకోలేదు. సరే, కొడుకు కదా.

పద్దెనిమిదో తేదీన వస్తాను. తొమ్మిది గంటల బస్సు ప్రయాణం. స్టాండుకి రావద్దు, ఇంటికి రమ్మని అడగవద్దు. ఆయన ఇప్పుడు మీ దగ్గరే ఉంటున్నారు కాబట్టి నేను ఆ గడప తొక్కను. కౌంటర్ ఏ అంతస్తులో ఉందో రాయండి చాలు.

కోడలు


ఫిబ్రవరి 23

అమ్మాయికి,

క్షేమంగా చేరావా? రావద్దన్నా కోర్టుకి వచ్చాను. స్టాండుకి రాలేదు కదా, మాట తప్పలేదు. నువ్వు వరుసలో నిలబడితే నేను బెంచీ మీద కూర్చుని నీ సంచి కాపలా కాశాను. ఎంత చిక్కిపోయావే! మెడ ఎముకలు కనిపిస్తున్నాయి.

నా కుర్చీలో ఇప్పుడున్న కుర్రాడు మంచివాడే గానీ మహా చాదస్తుడు. ఒక్క సంతకం తక్కువైందని నీ కాగితాలు వెనక్కిచ్చాడు. నేనైతే అక్కడే చేయించుకుని తీసుకునేవాణ్ణి. వాడితో చెప్పబోతే "తాతగారూ, కాస్త పక్కకి జరగండి" అన్నాడు. ముప్పైఒక్కేళ్ళు ఆ కిటికీ లోపలున్నాను, బయట నిలబడితే ఎలా ఉంటుందో ఆ పూట తెలిసింది.

మంచి జరిగిందనే అనుకో. మళ్ళీ వచ్చే నెల రావాలి కదా. ఆ తరవాత ప్రతి వాయిదాకీ రావాలి. ఒకరోజు ముందే వచ్చేయ్. కోర్టు వెనక వీధిలో ఒక గది మాట్లాడి ఉంచాను, శుభ్రంగా ఉంది, కిటికీకి తెర వేయించాను. అబ్బాయికి ఏమీ చెప్పలేదు. బెంచీ మీద నువ్వూ నేనూ టీ తాగాం చూడు, తొమ్మిది నెలల్లో నేను ఒక మనిషితో కూర్చుని తాగిన టీ అదే.

మామయ్య


మార్చి 15

మామయ్యగారికి,

ఆ తక్కువైన సంతకం అధికారి ముందు ప్రమాణం చేసి పెట్టాలని నిన్న ఇక్కడి కోర్టుకి వెళ్ళాను. కౌంటర్లో ఉన్నావిడ కాగితాలు తిరగేసి, "మీరుండేది ఇక్కడే కదమ్మా, అంతదూరం వెళ్ళి ఎందుకు వేస్తున్నారు?" అంది.

"పెళ్ళయిన ఊళ్ళోనే వేయాలట కదండీ" అన్నాను.

"ఎవరు చెప్పారు? పెళ్ళయిన చోటు వేయొచ్చు, మీ ఆయన ఉన్నచోట వేయొచ్చు, చివరిసారి ఇద్దరూ కలిసి కాపురమున్న చోట వేయొచ్చు. ఆడమనిషైతే తానిప్పుడు ఉంటున్న చోటే వేసుకోవచ్చు. మీకెవరో తెలిసీ తెలియనివాళ్ళు చెప్పినట్టున్నారు."

తెలిసీ తెలియనివాళ్ళు! ముప్పైఒక్కేళ్ళు ఈ మాటే రోజుకి పాతికసార్లు చెప్పిన మనిషి నాకు చెప్పారని ఆవిడతో ఎలా అనను? సిగ్గేసి తల దించుకున్నాను.

ఇక్కడి కోర్టు నా గదికి మూడు వీధుల అవతల ఉంది మామయ్యా. నడిచి వెళ్ళొచ్చు. మీ మాట నమ్మి రానూపోనూ పద్దెనిమిది గంటలు ప్రయాణం చేశాను. నేను సెలవులో ఉండగా అర్జంటు పని ఒకటి పాడైపోయింది. ఓనరుగారు పళ్ళు చెక్కే బల్ల ఇంకొకరికిచ్చి నన్ను అచ్చులు పోసే చోట కూర్చోబెట్టారు. రోజంతా సుద్ద కలపడమే. ఈ పనిలో అది అన్నిటికంటే కిందిమెట్టు. తొమ్మిదేళ్ళ కింద అక్కణ్ణించే మొదలెట్టాను.

అబద్ధం చెప్పారని కాదు నా బాధ. నిజం దాచడం మీ ఇంట్లో అందరికీ చేతనవునని నాకు తెలుసు. మీరొక్కరే వేరనుకున్నాను.

ఇక నాకోసం మాట్లాడిన గది వదిలేయండి.


మార్చి 24

అమ్మాయికి,

నువ్వు సంతకం పెట్టకుండా పంపిన ఉత్తరం నా ముందుంది. సంతకం లేని కాగితం చెల్లదని ఎంతమందిని తిప్పి పంపానో. ఇది మాత్రం చెల్లింది.

అబద్ధమే చెప్పాను. నాలుగు చోట్లు ఉన్నాయనీ తెలుసు, నీకు దగ్గరిది ఏదో కూడా తెలుసు. నువ్వు అక్కడ వేస్తే అంతా అక్కడే జరిగిపోతుంది. ఒకరోజు పోస్టులో తీర్పు వస్తుంది, నేను నిన్ను మళ్ళీ చూడను. ఇక్కడైతే ప్రతి వాయిదాకీ వస్తావు. కోర్టు సంగతి నాకు తెలియదా, రెండేళ్ళు సాగుతుంది. రెండేళ్ళలో పదిహేనుసార్లయినా వస్తావు, ఆ లోపల మనసు మారొచ్చు, మారకపోయినా నిన్ను చూసుకోవచ్చు అనుకున్నాను. ముసలితనపు దొంగబుద్ధి. నీ బల్ల పోతుందని ఊహించలేదు. ఓనరుగారికి ఉత్తరం రాయనా? వద్దంటే మానేస్తాను.

ఇప్పుడు సరిగ్గా చెబుతున్నాను, జాగ్రత్తగా విను. ఇక్కడ వెనక్కిచ్చిన కాగితాలు మళ్ళీ దాఖలు చేయకు. ఇక్కడ కేసు నంబరు పడలేదు కాబట్టి ఉపసంహరించుకునే బాధ లేదు. అక్కడ కొత్తగా వేయి. నువ్వు అక్కడే ఉంటున్నావని చూపించడానికి గది అద్దె ఒప్పందం, ల్యాబు వాళ్ళిచ్చే జీతం కాగితం పెట్టు. "చివరిసారి కలిసి కాపురమున్న చోటు" అని ఒక గడి ఉంటుంది, ఖాళీగా వదిలేయకు, అక్కడే చాలామంది తప్పు చేస్తారు. మీరిద్దరూ వేరుగా ఉన్న మేడమీది అద్దెవాటా చిరునామా రాయి. అబ్బాయి చిరునామా అన్నచోట మన ఇంటిది రాయి.

ఒక్క మాట మాత్రం నాకు మింగుడుపడలేదు. "మీ ఇంట్లో అందరికీ" అన్నావు. నేను దాచింది ఈ ఒక్కటే. మిగతావాళ్ళు ఏం దాచారు?

మామయ్య


ఏప్రిల్ 8

మామయ్యగారికి,

ఓనరుగారికి రాయవద్దు. నా బల్ల నేనే సంపాదించుకుంటాను.

మీరడిగినదానికి జవాబు రాయబోయి మూడు కాగితాలు చించాను. మీకు నిజంగా తెలియదా? హాస్పిటల్ మెట్ల మీద ఆయన నాతో, "ఇంట్లోవాళ్ళకి తెలుసు, నీకే చెప్పలేదు" అన్నారు. ఇంట్లోవాళ్ళంటే మీరూ అత్తయ్యా అనే నేను ఇన్నాళ్ళూ అనుకున్నాను. అనుకునే మీ "వాడి తప్పేముంది" అన్న మాట చదివాను. ఎలా చదివుంటానో ఆలోచించండి.

తెలియకపోతే, ఆ మాట ఉత్తరంలో రాసి మీకు చెప్పేది నేను కాకూడదు. పిటిషన్‌లో తొమ్మిదో పేరాలో రాయించాను. నిన్న ఇక్కడ దాఖలు చేశాను, నంబరు పడింది. నోటీసుతో పాటు నకలు మీ ఇంటికొస్తుంది. చదవడం, చదవకపోవడం మీ ఇష్టం.

మీరు చెప్పిన గడి దగ్గర ఆగిపోయాను. కౌంటర్ ఆవిడ "చివరిసారి కలిసి ఎక్కడున్నారమ్మా?" అని రెండుసార్లు అడిగింది. మీరన్న చిరునామానే రాశాను. కానీ ఆ వాటాలో చివరి ఏడాది మేం కలిసి ఉన్నామా? ఆయన వంటగదిలో ఉంటే నేను ముందుగదిలో ఉండేదాన్ని. ఆలోచిస్తే మేమిద్దరం నిజంగా ఒకచోట ఉండి ఒకరి ముఖం ఒకరు చూసుకున్నది ఆ హాస్పిటల్ మెట్ల మీదే. మెట్లకి చిరునామా ఉండదు కదా.

మీ మీద కోపం సగం తగ్గింది. మిగతా సగం నకలు అందాక చూద్దాం.

కోడలు


మే 12

తల్లీ,

నోటీసు గురువారం వచ్చింది. తెచ్చినవాడు నా పాత సహోద్యోగే, ఇంకో నెలలో రిటైరవుతాడు. గుమ్మంలో నిలబడి "సార్, మీ ఇల్లేనా? చిరునామా చూసి నేను నమ్మలేదు" అన్నాడు. అబ్బాయి పనికి వెళ్ళాడు. మనిషి ఇంట్లో లేకపోతే ఇంటి పెద్దలు తీసుకోవచ్చు. నేనే సంతకం పెట్టాను. వాడు అట్ట కిందనించి పట్టుకున్నాడు.

వేల పిటిషన్లు చదివాను. పేరాలు లెక్కపెట్టుకుంటూ చదవడం అలవాటు. నీది మాత్రం నేరుగా తొమ్మిదో పేరాకి వెళ్ళాను.

పదిహేడో ఏట వాడికి గవదబిళ్ళలు వచ్చి ఒళ్ళంతా కాగిపోవడం నాకు గుర్తుంది. తగ్గిపోయిందనుకున్నాను. ఇరవైరెండో ఏట, నువ్వు రాసిన ఆ మెట్ల హాస్పిటల్లోనే పరీక్షలు చేసి, దానివల్ల వాడికి పిల్లలు పుట్టరని చెప్పారని నువ్వు రాయించాకే తెలిసింది. ఆరేళ్ళు నీకు సూదులు పొడిపించి, చివరికి నువ్వు బలవంతాన అక్కడికే తీసుకెళ్తే నర్సు "ఈయన ఫైలు ఇక్కడ పాతదే ఉందిగా" అనేదాకా వాడు నోరు విప్పలేదన్నమాట.

సాయంత్రం వచ్చాడు. చేతులు కూడా కడుక్కోనివ్వలేదు.

"పెళ్ళికి ముందే నీకు తెలుసా?" అన్నాను.

"తెలుసు."

"మీ అమ్మకి?"

గోడవైపు చూశాడు. "అమ్మే వద్దంది నాన్నా. నాన్నకి చెబితే ఆయన పెళ్ళివాళ్ళకి చెప్పేస్తాడు, నీకు జన్మలో పెళ్ళవదు అంది. పెళ్ళయ్యాక రోజూ చెబుదామనుకునేవాణ్ణి. రోజుకో రోజు పెరిగి చెప్పలేనంత అయిపోయింది."

ఏడ్చాడు. నేను ఓదార్చలేదు. అన్నం దగ్గర కూర్చోబెట్టాక భుజం మీద చెయ్యి వేశాను. కొడుకు కదా తల్లీ, ఏం చేయను? ఎదురు వాదించనని మాటిచ్చాడు.

మీ అత్తయ్యతో ముప్పైఎనిమిదేళ్ళు కాపురం చేశాను. నేను నిజం చెప్పేస్తానని భయపడి నాకు చెప్పలేదట. మెచ్చుకోవాలో ఏడవాలో తెలియడం లేదు. అంతా తెలిసుండి నిన్ను చెయ్యి పట్టుకుని డాక్టర్ల దగ్గరికి తీసుకెళ్ళింది, ఇంటికొచ్చి నిన్నే దెప్పింది. ఆవిడ పోయి మూడేళ్ళు. ఇప్పుడెక్కడికెళ్ళి అడగను? నిన్న ఆవిడ ఫోటో గోడమీంచి తీశాను. పొద్దున్న మళ్ళీ పెట్టాను.

"వాడి తప్పేముంది" అని రాసిన చెయ్యి ఇదే. క్షమించమని అడగను, ఆ మాట ఇంత దానికి సరిపోదు. సాక్షి కావాలంటే నేనొస్తాను. వాడు ఒప్పుకోవడం నా చెవులతో విన్నాను. ఈ చెవులతోనే, ఆ ఒక్క మాటా స్పష్టంగా వినబడింది.

మామయ్య


మే 25

మామయ్యా,

మీకు తెలియదని తెలిశాక టైలరమ్మ ఇంటి మెట్ల మీద కూర్చుని చాలాసేపు ఏడ్చాను. ఆవిడ ఏంటని అడగలేదు, కుడుతున్న మిషను ఆపి నా పక్కన కూర్చుంది.

అత్తయ్య ఫోటో ఉంచండి. నాకు జ్వరం వస్తే రెండు రోజులు పక్క దిగనివ్వలేదు ఆవిడ. ఆ మనిషీ ఈ మనిషీ ఒకరేనని నమ్మడం నాకూ చేతకావడం లేదు.

సాక్ష్యం అడగకూడదనే అనుకున్నాను. మా లాయరమ్మ మాత్రం, మీరొస్తే ఒకట్రెండు వాయిదాల్లో తేలిపోతుందంటోంది. కొడుకుకి ఎదురు నిలబడటం మీవల్ల అవుతుందా? కాకపోతే రావద్దు, నేనేమీ అనుకోను. ఆగస్టు 14.

కోడలు


ఆగస్టు 20

మామయ్యా,

మీరు బస్సెక్కాక రాయాలనుకున్నవన్నీ కలగలిసిపోయాయి.

బోనులో మీరు చేతికర్ర పక్కన పెట్టి నిటారుగా నిలబడ్డారు. జడ్జిగారు "మీరు ఈమెకి ఏమవుతారు?" అని అడిగితే మీకు వినబడలేదు. రెండోసారి గట్టిగా అడిగారు. "ఇవాళ్టిదాకా మామగారినండీ" అన్నారు మీరు. రాసుకుంటున్న గుమాస్తా చెయ్యి ఆగిపోయింది. ఆయన చివరికి "ప్రతివాది తండ్రి" అని రాసుకున్నాడని లాయరమ్మ చెప్పింది. ఆయన రాసిందే సరైనది కాబోలు.

మీ అబ్బాయి వెనక వరుసలో కూర్చుని మీరు చెప్పేదంతా తలొంచుకుని విన్నారు. బయటికొచ్చాక మీకు గొడుగు పట్టింది కూడా ఆయనే. అది చూసి నాకు కోపం రాలేదు. మీకు ఆయనున్నారు, ఆయనకి మీరున్నారు. అలాగే ఉండాలి.

తీర్పు నిన్న వచ్చింది. అయిపోయింది.

ఇప్పుడు రాసేది చాలా కష్టపడి రాస్తున్నాను. కొంతకాలం మీకు ఉత్తరాలు రాయను. మీరూ రాయవద్దు. మీ అక్షరాలు చూడగానే ఆ ఇంటి ముందుగది, మీ పడకకుర్చీ, ఆ మూల కూర్చునే ఆయన, అన్నీ కళ్ళముందుకొస్తాయి. నేను అందులోంచి బయటపడాలి. ఎంతకాలమో తెలియదు. మీ మీద కోపం మాత్రం కాదు. నా కాపురంలో నేను పోగొట్టుకోలేనిది మీరొక్కరే. అందుకే ఇంత నొప్పిగా ఉంది.

ఉంటాను మామయ్యా.


ఆగస్టు 29

అమ్మాయీ,

రాయవద్దన్నావు. ఈ ఒక్కటీ రాసి ఆపేస్తాను. దీనికి జవాబక్కర్లేదు.

లాయర్లు ఈ సంగతి చెప్పరు. తీర్పు నకలు నీకై నువ్వే అడిగి తీసుకోవాలి, వాళ్ళంతట వాళ్ళు ఇవ్వరు. కాగితాలు వేసిన కౌంటర్లో కాదు, నకళ్ళ విభాగం వేరే ఉంటుంది, మీ కోర్టులో కింద అంతస్తులో ఎడమచేతి వైపు చివర. ఆ రోజు వచ్చినప్పుడు చూసి పెట్టుకున్నాను. ముద్ర వేసిన నకళ్ళు రెండు తీసుకో. ఒకటి నీ దగ్గర, ఒకటి నమ్మకమైన వాళ్ళ దగ్గర ఉంచు. ముద్ర మీద తేదీ చెదిరిపోయి ఉంటే మొహమాటపడకుండా మళ్ళీ వేయించుకో. ముందుముందు నువ్వు ఎవరినైనా చేసుకోవాలనుకుంటే మొదట అడిగేది ఆ కాగితమే. అప్పుడు వెతుక్కుంటూ తిరగకూడదు.

పొద్దున్నే వెళ్ళు. పదకొండు దాటితే వరుస పెద్దదవుతుంది.

— మామయ్య